యుద్ధ గాయం నొప్పిని ఇంటి దగ్గర అదుపులో పెట్టుకోవడం ఎలా?

గిద్దలూరు, కంభం ప్రాంతాల నుంచి సైన్యంలో చేరేవారు ఎక్కువ కావడం వల్ల, పొదిలిలో స్థిరపడిన నా దగ్గరికి పాత గాయాలతో వచ్చేవారికి కొదువ లేదు. నేను డాక్టరును కాను, ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా 22 ఏళ్లు పనిచేసి వచ్చినవాడిని. వచ్చినవారందరూ దాదాపు ఒకే ప్రశ్న వేస్తారు: "ఉస్తాద్, ఈ నొప్పికి ఏ బిళ్ళ వేసుకోమంటారు?" నేను బిళ్ళ పేరు చెప్పను. గుండు దూసుకుపోయిన తొడ, మందుపాతర పేలి పోయిన కాలు, సియాచిన్‌లో మంచు కాటు తిన్న వేళ్లు, ఒంట్లో మిగిలిపోయిన స్ప్లింటర్లు (పేలుడులో దిగిన లోహపు ముక్కలు), వీటన్నిటిలోనూ పుట్టేదాన్ని నొప్పి అనే పిలుస్తాం గాని వాటికి పనిచేసే మందులు వేరు, జాగ్రత్తలు వేరు. ముందు ఏ రకం నొప్పో పోల్చుకోవాలి, ఆ తరవాతే మందు.

ఈ పద్ధతి ఇద్దరి కోసం రాస్తున్నాను. ఇటీవల గాయపడి, ఆపరేషన్ అయి, సిక్ లీవు మీద ఇంటికి వచ్చిన జవాను ఒకరు. ఏళ్ల కిందటి గాయంతో ఇప్పటికీ సతమతమవుతున్న మాజీ సైనికుడు మరొకరు. మామూలుగా మూడు నెలలు దాటినా విడవని నొప్పిని డాక్టర్లు దీర్ఘకాలిక నొప్పిగా లెక్కిస్తారు. కొత్త నొప్పిని చాలావరకు తగ్గించవచ్చు. పాత నొప్పిని సున్నా చేస్తామని ఎవరైనా మాట ఇస్తే నమ్మకండి. దాన్ని మీ నిద్రకూ పనికీ అడ్డురాని స్థాయికి దించడమే ఇక్కడ లక్ష్యం.

కావలసినవి

- గీతల నోట్‌బుక్కు, పెన్ను. ఫోనులో రాసుకునే అలవాటుంటే అదీ సరే, కానీ డాక్టరుకు చూపించడానికి కాగితమే సులువు.
- ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ఖాళీ అయిన షీట్లతో సహా.
- డిశ్చార్జి బుక్కు, ఆపరేషన్ కాగితాలు, పాత ఎక్స్‌రేలు, మెడికల్ బోర్డు పత్రాలు, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు.
- జ్వరం చూసే థర్మామీటరు.
- ఐసు ముక్కలు, వాటిని చుట్టడానికి మందపాటి తువ్వాలు.
- కాలు లేదా చెయ్యి తీసేసినవారికి రెండు అద్దాలు: అరచేతిలో పట్టేది ఒకటి, సుమారు నాలుగడుగుల పొడవుది ఒకటి.

1. ముందుగా ఇది ఇంట్లో చూసుకునే నొప్పేనా అని తేల్చుకోండి

కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతా అడుగులు చదువుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి పెద్దాసుపత్రికి వెళ్లండి.

- పిండికట్టు వేసిన కాలో చెయ్యో బిగిసిపోయి, వేళ్లు పాలిపోయి లేదా నీలంగా మారి, వేళ్లను కాస్త సాగదీస్తేనే ప్రాణం పోయేంత నొప్పి పుట్టడం. దీనిలో గంటలే లెక్క. తెల్లవారాక చూద్దామనుకుంటే కండ చచ్చిపోతుంది.
- గాయం ఎర్రబడి, వేడెక్కి, చీము లేదా దుర్వాసన వస్తూ జ్వరం తగలడం. పాత స్ప్లింటరు ఉన్నచోట కొత్తగా వాపు వచ్చినా ఇదే హెచ్చరిక.
- ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉండటం. దానికి తోడు ఆయాసమో గుండెలో నొప్పో వస్తే రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు చేరిందని అనుమానించాలి.
- వెన్ను గాయం ఉన్నవారికి కాళ్లలో సత్తువ తగ్గడం, కూర్చునే భాగం మొద్దుబారడం, మూత్రం రాకపోవడం లేదా ఆగకపోవడం.
- మాత్రలు వేసుకున్నాక పిలిచినా లేవనంత మత్తు, శ్వాస నెమ్మదించడం.
- తారులా నల్లటి విరేచనం, రక్తపు వాంతి.

సైన్యంలో సిక్ రిపోర్టుకు వెళ్లడమంటే నామోషీగా భావించే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ ఓర్పు కొండ మీద అక్కరకొచ్చింది గాని, పై జాబితాలో ఉన్నవాటి విషయంలో అదే ప్రాణం మీదికి తెస్తుంది.

2. మీ నొప్పిని మీ మాటల్లోనే పోల్చుకోండి

ఇక్కడ తెలుగు మనకు పెద్ద సాయం చేస్తుంది. నొప్పికి మన పల్లెల్లో ఉన్నన్ని మాటలు ఉండగా, డాక్టరు గదిలోకి వెళ్లగానే అందరం "పెయిన్ సార్" అని ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. పదాన్ని సరిగా ఎంచుకుంటే సగం రోగనిర్ణయం అయినట్టే.

సలుపు, పోటు, పీకుడు, పట్టెయ్యడం, కలుక్కుమనడం వంటి మాటలు మీ నోట వస్తున్నాయంటే, అది చాలావరకు ఎముక, కీలు, కండరం నుంచి పుట్టే నొప్పి. కదిలితే పెరుగుతుంది, విశ్రాంతితో తగ్గుతుంది, ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించగలుగుతారు. విరిగి అతికిన ఎముక, లోపల వేసిన రాడ్డు, కుంటి నడక వల్ల అరిగిన రెండో మోకాలు ఈ కోవలోకి వస్తాయి.

మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, నెల్లూరు వైపు వాళ్లు "జివజివలాడుతా ఉండాది" అనేది, ఇవన్నీ నరం దెబ్బతిన్న నొప్పికి గుర్తులు. ఇది కదలకుండా పడుకున్నా వస్తుంది, రాత్రిపూట ముదురుతుంది. మంచు కాటు తిన్న పాదాల్లో ఏళ్ల తరవాత కూడా మిగిలేది సాధారణంగా ఈ మంటే.

ఇంట్లోనే చేసుకోదగిన పరీక్ష ఒకటుంది. కళ్లు మూసుకుని కూర్చోండి. ఇంట్లోవారిని కాస్త దూది తీసుకుని ముందు బాగున్న వైపు, తరవాత గాయం వైపు అదే చోట మెల్లగా రాయమనండి. దూది తగిలితేనే మంట పుట్టినా, లేక అసలు తగిలినట్టే తెలియకపోయినా, నరానికి దెబ్బ ఉందని డాక్టరుకు చెప్పవలసిన విషయం అదే. దుప్పటి అంచు తగిలితే ఓర్చుకోలేకపోవడమూ ఇలాంటిదే.

మూడోది, లేని కాలిలో, లేని వేళ్లలో వచ్చే నొప్పి. అమెరికా అంతర్యుద్ధంలో గాయపడినవారిని చూసిన డాక్టరు సైలాస్ వియర్ మిచెల్ 1871లో దీనికి ఫాంటమ్ లింబ్ అని పేరు పెట్టాడు. పోయిన కాలి బొటనవేలు మెలితిప్పినట్టుందని చెబితే ఊళ్లో మతి చలించిందంటారేమో అని ఏళ్ల తరబడి భార్యకు కూడా చెప్పుకోనివారు నాకు తెలుసు. అది భ్రమ కాదు. మెదడులో ఆ కాలి పటం చెరిగిపోకపోవడం వల్ల వచ్చే నిజమైన నొప్పి.

ఒకే మనిషిలో రెండు మూడు రకాలు కలిసి ఉండటం మామూలే. ఒక్కొక్కదానికి నోట్‌బుక్కులో విడిగా పేరు రాయండి.

కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల వారికీ, నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు వారికీ ఒక మాట. బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న ఊళ్లలో ఏళ్ల తరబడి ఆ నీరే తాగినవారికి మెడ, నడుము, కీళ్లు బిగుసుకుపోతాయి. పదవీ విరమణ చేసి వచ్చిన పదేళ్లకు నడుము వంగడం లేదంటే, దాన్ని కూడా పాత పేలుడు ఖాతాలో వేసేయకండి. మీరు తాగే నీటి సంగతి డాక్టరుకు చెప్పి, ఎక్స్‌రే తీయవలసిన అవసరం ఉందేమో అడగండి.

3. నాలుగు వారాలు నోట్‌బుక్కు రాయండి

రోజుకు మూడుసార్లు, పొద్దున లేవగానే, మధ్యాహ్నం, పడుకునే ముందు, 0 నుంచి 10 వరకు ఒక అంకె వేయండి. 0 అంటే నొప్పి లేదు, 10 అంటే మీరు ఊహించగలిగినంత నొప్పి. పక్కన ఆ పూట ఏం చేశారో, ఏ మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో, రాత్రి ఎన్నిసార్లు లేచారో రాయండి. పుటలకు పుటలు అక్కర్లేదు. నడుములో స్ప్లింటరు దిగిన ఒక మాజీ హవల్దారు రాసిన పుట ఇలా ఉంది:

సోమ: పొద్దున 4. పొగాకు చేలో రెండు గంటలు. రాత్రి 5. ఒకసారి లేచాను.
మంగళ: పొద్దున 4. బస్సులో ఒంగోలు, రానూ పోనూ. రాత్రి 8, ఎడమ కాలు జివ్వుమంది. నాలుగుసార్లు లేచాను.
బుధ: పొద్దున 7. పడుకునే ఉన్నాను. రాత్రి 7.
గురు: పొద్దున 5. చేలో గంట. రాత్రి 4.

చేలో పని వల్లే నొప్పి పెరుగుతోందని ఆయనా, ఇంట్లోవారూ గట్టిగా నమ్మి పని మాన్పించబోయారు. పుట చూస్తే పని చేసిన రోజుల్లోనే ఆయన బాగున్నాడు. బస్సు సీటులో గంటల తరబడి కదలకుండా కూర్చున్న రోజూ, దాని మర్నాడు మంచం దిగని రోజూ చెడిపోయాయి. మందు మార్చకుండానే, బస్సు ఆగినచోటల్లా దిగి నాలుగడుగులు వేయడం, నడుము వెనక తువ్వాలు చుట్టి పెట్టుకోవడంతో ఒంగోలు ప్రయాణం ఆయనకు 5 దగ్గర ఆగింది.

సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే, నొప్పి ఎక్కువైన రోజు మాత్రమే రాయడం. అలా రాస్తే ఏది తగ్గిస్తోందో ఎప్పటికీ తెలియదు.

4. గాయం కొత్తదైతే, మొదటి వారాల్లో

1944లో ఇటలీలోని ఆన్జియో దగ్గర క్షతగాత్రులను చూసిన అమెరికన్ డాక్టరు హెన్రీ బీచర్, తీవ్రంగా గాయపడినవారిలో ఎక్కువమంది నొప్పి మందు అడగకపోవడం గమనించి ఆశ్చర్యపోయాడు. యుద్ధభూమిలో తెలియని నొప్పి ఇంటికి చేరాక తెలుస్తుంది; అందువల్ల ఆసుపత్రిలో లేని నొప్పి ఇంట్లో మొదలైందని కంగారుపడకండి, అలాగని తేలిగ్గానూ తీసుకోకండి.

డిశ్చార్జి కాగితంలో నొప్పి మాత్రలు గంటల ప్రకారం రాసి ఉంటే, మొదటి రోజుల్లో నొప్పి కోసం ఎదురుచూడకుండా ఆ వేళలకే వేసుకోండి. నొప్పి 8కి ఎక్కాక దించడం కంటే 4 దగ్గరే ఆపడం తేలిక, మందూ తక్కువ పడుతుంది. కుట్లు మానుతున్న కొద్దీ డాక్టరు చెప్పిన క్రమంలో తగ్గించుకుంటూ రండి.

వాచిన భాగాన్ని గుండె కంటే ఎత్తులో దిండ్ల మీద ఉంచండి. ఐసును నేరుగా ఒంటికి తాకించకుండా తువ్వాలులో చుట్టి, 15 నుంచి 20 నిమిషాలు పెట్టి తీసేయండి. మంచు కాటు తిన్న చోటా, మొద్దుబారిన చోటా ఐసు పెట్టకూడదు.

ఫిజియోథెరపీ చెప్పిన కదలికలను నొప్పి తగ్గాక మొదలుపెడదామని వాయిదా వేయకండి. మాత్ర వేసుకున్న ముప్పావు గంట, గంటకు మందు పనిచేసే సమయంలో వ్యాయామం చేస్తే కీలు బిగుసుకుపోదు. బిగుసుకున్న కీలే రేపటి దీర్ఘకాలిక నొప్పి.

కట్ల విషయం కూడా చెప్పాలి. ఎముక విరిగితే పుత్తూరు కట్టు గుర్తుకు రావడం మన జిల్లాల్లో సహజం. కానీ గుండు, పేలుడు గాయాల్లో చర్మం తెగి, ఎముక ముక్కలై, లోపల మట్టి, లోహపు రజను ఉంటాయి. అలాంటి గాయం మీద ఏ నాటు కట్టూ, ఏ ఆకు పసరూ వేయించవద్దు. అంతకు ముందే లోపల ప్లేటు వేసి ఉంటే అసలే వద్దు.

5. మాత్రలన్నీ మంచం మీద పోసి లెక్క చూడండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన అడుగు, అందరూ వదిలేసే అడుగు కూడా. దర్శి దగ్గరి ఊరి నుంచి వచ్చిన ఒక మాజీ నాయక్ బిస్కెట్ల డబ్బా నిండా మాత్రలు తెచ్చి నా మంచం మీద బోర్లించాడు. డోలో 650 రోజుకు మూడు వేసుకుంటున్నాడు. ఆసుపత్రిలో రాసిన ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర పూటకొకటి చొప్పున రెండు. ఒక్కోదానిలో పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు. ఇవి చాలక, ఊళ్లో ఇచ్చిన కాగితం పొట్లంలో డైక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసినవి రోజుకు మూడు. వాటిలో 500 చొప్పున. కూడితే 1950, 650, 1500, మొత్తం 4100 మిల్లీగ్రాముల పారాసిటమాల్. పైగా ఒకే జాతి నొప్పి మందులు రెండు, ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఏకకాలంలో కడుపులోకి పోతున్నాయి. మూడు వేర్వేరు మందులు వేసుకుంటున్నాననే ఆయన అనుకున్నాడు.

మీరూ అలాగే షీటు వెనక ఉన్న పేర్లు చదివి, చదవలేకపోతే పిల్లల చేత చదివించి, ఈ కింది సంగతులు చూసుకోండి.

పారాసిటమాల్ అన్ని రూపాల్లోనూ కలిపి పెద్దవారికి రోజుకు 4000 మిల్లీగ్రాములు దాటకూడదు. 50 కిలోల కంటే తక్కువ బరువున్నవారికీ, వయసు మళ్లినవారికీ, మద్యం అలవాటున్నవారికీ, కాలేయ జబ్బు ఉన్నవారికీ డాక్టర్లు ఇంకా తక్కువలో, 2000 నుంచి 3000 లోపు ఆపిస్తారు.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివాటిలో ఒకసారికి ఒకటే, అన్నం తిన్నాకే, వీలైనన్ని తక్కువ రోజులు. ఇవి సలుపుకు, వాపుకు పనిచేస్తాయి. నరాల మంటకు పెద్దగా పనిచేయవు. కడుపులో పుండ్లు, బీపీ పెరగడం, గుండెకు హాని, మూత్రపిండాల దెబ్బ వీటితో ఉన్న ఇబ్బందులు. మన మే నెల ఎండల్లో చెమటోడ్చి, నీళ్లు చాలక ఒళ్లు ఎండిపోయినప్పుడు ఈ మాత్రలు వేసుకుంటే మూత్రపిండాల మీద భారం మరీ ఎక్కువ. వారాల తరబడి వాడుతున్నవారు సీరం క్రియాటినిన్ పరీక్ష చేయించమని డాక్టరును అడగండి. షుగరు, బీపీ ఉంటే అడగకుండా ఉండకండి.

నరాల నొప్పికి డాక్టర్లు ప్రీగబాలిన్, గాబాపెంటిన్, డులాక్సిటిన్, అమిట్రిప్టిలిన్ వంటివి రాస్తారు. వీటిలో కొన్ని మూర్ఛకు, కొన్ని మనోవ్యాకులతకు కూడా వాడేవి కావడంతో, గూగుల్‌లో చూసి "నాకు పిచ్చి మందు ఇచ్చారు" అని మానేసినవారు ఉన్నారు. అది సరికాదు. ఇవి మొదటి రోజే పనిచేయవు, మోతాదు మెల్లగా పెంచుకుంటూ కొన్ని వారాలు చూడాలి. మొదట్లో మగత, తల తిరగడం ఉంటాయి గనుక ఆ రోజుల్లో బండి, ట్రాక్టరు నడపకండి. ప్రోస్టేటు ఇబ్బంది, గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు), గుండె లయ సమస్య ఉంటే అమిట్రిప్టిలిన్ మొదలుపెట్టే ముందే చెప్పాలి. బాగుందని వీటిని ఒక్కసారిగా ఆపకూడదు. ఆపడం కూడా మెట్లు మెట్లుగా, డాక్టరు చెప్పినట్టే.

గట్టి నొప్పి మందైన ట్రమడాల్ 2018 నుంచి మత్తు పదార్థాల చట్టం పరిధిలో ఉంది. చీటీ లేకుండా కొనకండి, పక్కవారి మాత్ర అడిగి వేసుకోకండి. మలబద్ధకం, మూర్ఛలు రావచ్చు, డులాక్సిటిన్ లాంటి మందులతో కలిస్తే ప్రమాదం. టాపెంటడాల్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. తీవ్ర నొప్పికి కొద్ది రోజులు డాక్టరు చెప్పినట్టు వాడితే తప్పులేదు, భయపడి కొత్త గాయం నొప్పిని భరించాల్సిన పనీ లేదు. నెలలు గడిచి, అదే ఉపశమనానికి మోతాదు పెరుగుతూ పోతుంటే మాత్రం దాచకుండా చెప్పండి.

ఒక్క సూదితో వారం రోజులు లేచి తిరిగేలా చేసే "నొప్పుల సూది" గురించి కూడా తరచు అడుగుతారు. అందులో స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం ఎక్కువ. పదే పదే వేయించుకుంటే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, పాత గాయంలో దాగిన ఇన్‌ఫెక్షన్ విజృంభిస్తుంది. సూదిలో ఏముందో కాగితం మీద రాసివ్వమని అడగండి, రాసివ్వకపోతే వేయించుకోకండి.

6. కాపడం పెట్టే ముందు దూది పరీక్ష చేయండి

పట్టేసిన కండరానికి వేడి కాపడం మంచిదే. కానీ స్పర్శ లేని చోట వేడి తెలియదు. ఈ విషయం నేను పుస్తకంలో కంటే నా తప్పులోనే బాగా నేర్చుకున్నాను: పాదం మొద్దుబారిన ఒక సహచరుడికి వేడినీళ్ల సంచి పెట్టుకోమని నేనే చెప్పాను, ఆయనకు కాలిన సంగతి తెలియలేదు, పొద్దునకు అరచేయంత బొబ్బ, అది మానడానికి రెండు నెలలు. దూది తెలియని చోట వేడినీళ్ల సంచి, ఇసుక మూట, ఇటుక కాపడం, విద్యుత్ ప్యాడు, ఏదీ వద్దు. వాతలు పెట్టించుకోవడం ఎక్కడా వద్దు. చర్మం మీద పట్టీలతో సన్నటి కరెంటు పంపే టెన్స్ యంత్రం ఉంటే తెగిన చర్మం మీదా, మొద్దుబారిన చోటా పట్టీలు అంటించకండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు అసలు వాడకండి.

7. కాలు లేదా చెయ్యి తీసేసినవారు

ముందు నొప్పి స్టంప్‌లోనా (తీసేయగా మిగిలిన భాగంలోనా), లేని కాలిలోనా అన్నది తేల్చుకోండి. స్టంప్‌లో ఒకచోట వేలితో నొక్కితే షాకు కొట్టినట్టయితే అక్కడ నరం చివర ముడిపడి ఉండవచ్చు. కృత్రిమ కాలు తొడిగినప్పుడే నొప్పి, తీస్తే హాయి అంటే సాకెట్ (స్టంప్ కూర్చునే గిన్నె లాంటి భాగం) బిగుతు సరిగా లేదని అర్థం.

ప్రతి రాత్రీ స్టంప్‌ను సబ్బుతో కడిగి, మెత్తటి గుడ్డతో పూర్తిగా ఆరేలా అద్ది, చేతి అద్దంతో కింది భాగం చూసుకోండి. ఎర్రబడిన మచ్చ 10, 15 నిమిషాల్లో మాయం కాకపోతే మర్నాడు కాలు తొడగకండి. మన ఉక్కపోతలో స్టంప్‌కు తొడిగే లైనరు లోపల చెమట కారి, కాలు జారి, చర్మం ఒరుసుకుపోవడం పెద్ద బాధ. మధ్యాహ్నం ఒకసారి నీడన కూర్చుని, కాలు తీసి, తుడిచి, పొడి సాక్సు మార్చి తొడుక్కోవడం తప్ప దానికి వేరే కిటుకు లేదు. సాకెట్ వదులైందని సాక్సు మీద సాక్సు వేసుకుంటూ పోవద్దు. స్టంప్ సన్నబడిందంటే సాకెట్ మార్చాలి. పుణేలో 1944 నుంచి నడుస్తున్న సైన్యపు ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ ఉంది. అంత దూరం ప్రయాణం కుదరనివారు ఈసీహెచ్‌ఎస్ పాలిక్లినిక్‌లో దగ్గరి ప్రత్యామ్నాయం అడగండి, తిరుపతిలో తి.తి.దే. నడిపే బర్డ్ ఆసుపత్రి మనకు అందుబాటులో ఉన్నదే.

లేని కాలి నొప్పికి అద్దం పద్ధతి ప్రయత్నించదగింది. తమిళ మూలాలున్న నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990లలో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. బీరువా అద్దం పనికిరాదు, అది ఎత్తులో ఉంటుంది. గాజు కొట్టులో సుమారు రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవున్న అద్దం కొని అంచులకు మందపాటి టేపు అంటించండి. మంచం మీద కాళ్లు చాపి కూర్చుని, అద్దాన్ని అడ్డంగా పొడవు వైపున రెండు తొడల మధ్య నిలబెట్టండి. అద్దపు ముఖం ఉన్న కాలి వైపు ఉండాలి, స్టంప్ అద్దం వెనక దాగాలి. కాస్త వంగి అద్దంలోకి చూస్తే రెండు కాళ్లూ ఉన్నట్టు కనిపిస్తుంది. ఇప్పుడు ఉన్న పాదాన్ని మెల్లగా పైకీ కిందికీ ఆడించండి, వేళ్లు ముడిచి విప్పండి, లేని పాదాన్ని కూడా అలాగే ఆడిస్తున్నట్టు మనసులో ప్రయత్నించండి. రోజుకు 15 నిమిషాలు, నాలుగు వారాలు. గదిలో ఎవరూ ఉండకుండా, టీవీ లేకుండా చేయండి.

కొందరికి మొదటిరోజు అద్దంలో రెండో కాలు చూడగానే దుఃఖం పొంగుకొస్తుంది. ఆపి, మర్నాడు ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. వారం గడిచినా నొప్పి పెరుగుతూనే ఉంటే మానేయండి. రెండు కాళ్లూ పోయినవారికి ఈ పద్ధతి కుదరదు. వారు స్టంప్‌ను రోజుకు నాలుగైదుసార్లు ముందు దూదితో, తరవాత మెత్తటి గుడ్డతో, ఆ తరవాత తువ్వాలుతో రుద్దుతూ, వేళ్లతో తట్టుతూ అలవాటు చేయవచ్చు. గాయం పూర్తిగా మానాకే ఇది చేయాలి.

8. మంచి రోజున ఆగడం నేర్చుకోండి

నొప్పి తగ్గిన రోజున వారం పనీ ఒక్కసారే చేసేసి, తరవాత మూడు రోజులు మంచం పట్టడం మాజీ సైనికుల్లో నేను చూసే అతిపెద్ద పొరపాటు. దానికి విరుగుడు గడియారం. నడక ఎన్ని నిమిషాలకు నొప్పిని పెంచుతుందో మూడు రోజులు చూడండి. 20 నిమిషాలైతే, మంచి రోజైనా చెడ్డ రోజైనా 15 నిమిషాలకే కూర్చోండి. వారానికి ఒకటి, రెండు నిమిషాలే పెంచండి. చెడ్డ రోజున పూర్తిగా మానకుండా సగమైనా నడవండి. సెక్యూరిటీ గార్డు ఉద్యోగంలో గంటల తరబడి నిలబడేవారు అరగంటకోసారి రెండు నిమిషాలు కూర్చునేందుకు స్టూలు అడిగి పెట్టించుకోండి.

9. నిద్ర, మద్యం, మనసు

క్యాంటీన్ రమ్ము రెండు పెగ్గులు వేస్తే నిద్ర పడుతుందన్నది నిజమే, కానీ తెల్లవారుజామున నిద్ర చెడి నొప్పి రెట్టింపుగా తెలుస్తుంది. ప్రీగబాలిన్, గాబాపెంటిన్, ట్రమడాల్, నిద్రమాత్రలు వేసుకునేవారు మద్యం కలిపితే నిద్రలోనే శ్వాస ఆగిపోయే ప్రమాదముంది. ఇందులో "కొంచెం" అన్న మాట లేదు.

పేలుడు పీడకలలు, చిన్న శబ్దానికి ఉలిక్కిపడటం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం ఉంటే, అవి తగ్గనిదే నొప్పి మందులు పూర్తిగా పనిచేయకపోవచ్చు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వారు ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తే ఆ క్షణమే చేయండి. ఇంట్లోవారికి ఒక సూచన: పీడకల వస్తున్న మనిషిని భుజం పట్టి కుదపకుండా, కాళ్ల వైపు కాస్త దూరంగా నిలబడి పేరు పెట్టి పిలవండి.

10. ఎక్కడికి వెళ్లాలి, ఏం చెప్పాలి

2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ కింద నెల్లూరులోనూ ఒంగోలులోనూ పాలిక్లినిక్‌లు ఉన్నాయి. అక్కడి నుంచి రిఫరల్ తీసుకుని ఒప్పందం ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. ప్రాణాపాయంలో ముందు దగ్గరి ఆసుపత్రిలో చేరి, 48 గంటల్లోపు పాలిక్లినిక్‌కు తెలియజేయండి. గాయం ముదిరి, వైకల్య శాతం మళ్లీ లెక్కించాలనుకునేవారికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దారి చూపుతుంది.

ఎమ్మారై స్కాన్ రాస్తే, స్కాన్ గది గుమ్మంలోకి అడుగుపెట్టకముందే "నా ఒంట్లో స్ప్లింటర్లు ఉన్నాయి" అని చెప్పండి, పాత ఎక్స్‌రే చూపించండి. ఆ అయస్కాంతం లోపలి ఇనుప ముక్కను కదిలించగలదు. కంటికీ, వెన్నుకూ, పెద్ద రక్తనాళానికీ దగ్గరగా ఉన్న ముక్క అయితే తిరిగి సరిచేయలేని నష్టం. ఎప్పుడో తీసేశారని మీకు గుర్తున్నా, అన్నీ తీశారో లేదో కాగితాలే చెప్పాలి.

ఫలితం ఎలా చూసుకోవాలి

నాలుగు వారాల తరవాత మొదటి వారం అంకెలు కూడి సగటు తీయండి, చివరి వారం సగటు పక్కన పెట్టండి. 6 నుంచి 4కు దిగినా అది మంచి ఫలితమే. అంకె దిగకపోయినా, రాత్రి లేచే సార్లు తగ్గితే, బావి దాకా నడవలేనివారు గుడి దాకా నడిస్తే, కింద కూర్చుని మనవడికి అన్నం పెట్టగలిగితే చికిత్స పనిచేస్తున్నట్టే లెక్క. అంకె తగ్గినా రోజంతా మత్తుగా పడి ఉంటే మోతాదు ఎక్కువైనట్టు. అంకె, రోజువారీ పనులు రెండూ మారకపోతే మందు పనిచేయలేదని అర్థం. ఇంకొకటి మీరే చేర్చుకోకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

డాక్టరు దగ్గర మీకు దొరికేది నాలుగైదు నిమిషాలే కాబట్టి, ఇంటి దగ్గరే ఇలా రాసుకుని వెళ్లండి: "ఎడమ తొడలో గుండు గాయం, ఆపరేషన్ ఫలానా సంవత్సరం. మోకాలి కింద మంట, దూది తగిలితే ఓర్చుకోలేను. పగలు 4, రాత్రి 7, మూడుసార్లు లేస్తాను. ఈ మాత్రలు, ఈ మోతాదులో వాడుతున్నాను. రాత్రి నిద్ర కావాలి, పొలం గట్టు దాకా నడవాలి." ఆ కాగితానికి జిరాక్సు తీయించి జిరాక్సు ఇవ్వండి, నోట్‌బుక్కు మాత్రం ఎవరికీ వదిలిపెట్టి రాకండి.